పాత కారు వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఇంట్లోనే మార్చుకోవడం ఎలా?

"కొత్త కట్టలు వేశాక కూడా కారు ఒక పక్కకే వాలుతోంది." "మార్చి మూడు నెలలు కాలేదు, బుష్‌లు (కట్ట కొనల్లో ఉండే రబ్బరు గొట్టాలు) చిరిగిపోయాయి." "కట్టలు మార్చినప్పటి నుంచి వెనక నుంచి టక్ టక్ మని చప్పుడు." పాత కార్లున్నవాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగేవి ఈ మూడే. చాలాసార్లు తప్పు కొన్న కట్టలో ఉండదు, బిగించిన తీరులో ఉంటుంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఏ నట్టును ఎప్పుడు బిగించారన్నదాంట్లో ఉంటుంది. అందుకే ఒక్కసారి వరసగా రాసి పెడుతున్నాను.

1948లో వచ్చిన మోరిస్ మైనర్, 1962లో వచ్చిన ఎంజీబీ, 1964లో వచ్చిన మొదటి ఫోర్డ్ మస్టాంగ్, 2014 దాకా తయారైన అంబాసిడర్... వీటన్నిటికీ వెనక కమాన్ కట్టలే. కొలతలు వేరు, బోల్టులు వేరు, పని మాత్రం ఒకటే. బోల్టును ఎంత టార్క్‌తో, అంటే ఎంత తిప్పే బలంతో, బిగించాలన్న అంకె మాత్రం మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లోంచే తీసుకోండి. ఒక కారు అంకె ఇంకో కారుకు పనికిరాదు.

పేర్లు ఒకసారి

ఇనప పట్టీలన్నీ కలిపితే కట్ట. అన్నిటికంటే పొడుగుది మెయిన్ పట్టీ. దాని రెండు కొనలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి, వాటిని కన్ను అందాం. ముందు కన్ను బుష్‌తో, బోల్టుతో నేరుగా బాడీకి బిగిస్తారు. వెనక కన్ను షాకిల్‌కి, అంటే రెండు పలకలు, పిన్నులతో బాడీకి వేలాడే ముక్కకి, ఉంటుంది. బరువు పడ్డప్పుడు కట్ట సాగుతుంది కాబట్టి ఆ కొన ముందుకీ వెనక్కీ ఊగాలి, షాకిల్ పని అదే. మధ్యలో పట్టీలన్నిటినీ గుచ్చి పట్టుకునేది సెంటర్ బోల్టు. దాని తల యాక్సిల్ మీద ఉన్న దిమ్మ రంధ్రంలో కూర్చుంటుంది. యాక్సిల్‌నీ కట్టనీ కలిపి పట్టేవి యూ బోల్టులు. ఇంతకుమించి థియరీ అక్కర్లేదు.

నిజంగా మార్చాలా?

పట్టీ విరిగితే ఆలోచించే పనే లేదు, మార్చాల్సిందే. చిన్న పగులైనా అంతే. వెల్డింగ్ పెట్టి నడపొద్దు. ఆ వేడికి స్ప్రింగ్ ఉక్కు గుణం పోతుంది, వెల్డింగ్ పక్కనే మళ్లీ విరుగుతుంది.

కారు కుంగిందన్న అనుమానమే అయితే ముందు కొలవండి. సమంగా ఉన్న నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచేసి, చక్రం మధ్య బిందువు నుంచి నిలువుగా పైనున్న మడ్‌గార్డు అంచు దాకా ఎంతుందో నాలుగు చక్రాలకీ రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైర్ల తేడా కూడా అందులో కలిసిపోతుంది. ఈ కాగితం దాచండి, చివర్లో కావాలి.

ఒక పక్క వాలినంత మాత్రాన తప్పు వెనక కట్టదే అనుకోకండి. ముందు స్ప్రింగ్ కుంగినా వెనక మూల వాలుతుంది. వెనక బాడీకి సరిగ్గా మధ్యలో గట్టి క్రాస్ మెంబర్ ఉంటే దాని కింద జాకీ పెట్టి కొంచెం లేపి చూడండి. యాక్సిల్ కింద కాదు, బాడీ కింద. అప్పుడు కూడా కారు వాలే ఉంటే రోగం ముందు స్ప్రింగ్‌లలో ఉంది. ఈ పరీక్షకి పది నిమిషాలు పడుతుంది. ఇది చేయకుండా కట్టలు కొని, వేసి, అదే వాలు చూసి తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

కట్టలు బాగుండి బుష్‌లు మాత్రమే అరిగితే బుష్‌లు మార్చుకుంటే చాలు. కాకపోతే వాటికోసం కట్టను ఎలాగూ విప్పాలి, శ్రమ దాదాపు ఒకటే. పాత పట్టీలకు మళ్లీ వంపు కొట్టించడం ఇంకో దారి. వేడి చేయకుండా ఊరికే సుత్తితో కొట్టిన వంపు ఎక్కువ కాలం నిలవదు. సరైన పద్ధతిలో వేడి చేసి, చల్లార్చి, టెంపర్ చేసేవాళ్లు దొరికితేనే ఆ ఆలోచన పెట్టుకోండి.

ఏం చేసినా రెండు పక్కలా చేయండి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది వేస్తే కారు సమంగా నిలబడదు.

కావలసినవి

- కమాన్ కట్టలు రెండు. కొన్ని కార్లకు కుడి, ఎడమ కట్టలు వేరువేరుగా ఉంటాయి, చూసి కొనండి.
- ముందు, వెనక కళ్లకు బుష్‌లు, షాకిల్ సెట్లు
- కొత్త యూ బోల్టులు, వాటి నట్లు. పాతవి మళ్లీ వాడొద్దు, ఒకసారి బిగించాక అవి సాగి ఉంటాయి. నైలాన్ లాక్ నట్లూ అంతే.
- ముందు కన్ను బోల్టులు. పాతవి బయటికి క్షేమంగా వస్తాయన్న ఆశ వద్దు.
- కట్టకీ యాక్సిల్‌కీ మధ్య రబ్బరు ప్యాడ్‌లు ఉన్న కారైతే అవి
- జాకీలు రెండు. ఒకటి కారును లేపడానికి, చిన్నది కట్టను దించడానికి.
- స్టాండ్లు నాలుగు. రెండు బాడీకి, రెండు యాక్సిల్‌కి. ఇటుకలు, రాళ్లు, సిమెంటు దిమ్మెలు వద్దు, బరువుకి ఒక్కసారిగా పగిలిపోతాయి.
- ముందు చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు
- పొడుగు హ్యాండిల్, సాకెట్లు, పానాలు, టార్క్ రెంచ్
- తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే, వైరు బ్రష్, సుత్తి, పొడుగాటి ఇనప కడ్డీ
- వైస్ లేదా పెద్ద సీ క్లాంప్, బుష్‌లు నొక్కడానికి
- కళ్లద్దాలు, చేతి తొడుగులు. తలకిందులుగా పడుకుని చేసే పని ఇది, తుప్పు రాలేది నేరుగా కళ్లలోకే.
- మంటలార్పే సిలిండర్. ఎందుకో కింద చెప్తాను.

టైం ఎంత పడుతుందని అడుగుతారు. తుప్పు లేని కారైతే ఒక రోజు. తుప్పున్నదైతే రెండు రోజులు పెట్టుకోండి. సాయంత్రం కారు తీయాల్సిన రోజున ఈ పని మొదలుపెట్టకండి.

రెండు రోజుల ముందు

ప్రతి నట్టునీ వైరు బ్రష్‌తో గీకి, ఆయిల్ స్ప్రే కొట్టండి. మర్నాడు పొద్దున, సాయంత్రం మళ్లీ కొట్టండి. ముందు కన్ను బోల్టు రెండు వైపులా, షాకిల్ నట్లు, యూ బోల్టు నట్లు, షాక్ అబ్జార్బర్ కింది నట్టు, వీటిలో ఏదీ వదలొద్దు. ఈ రెండు రోజుల నానబెట్టడం మీకు రెండు గంటల కోత పని తప్పించవచ్చు. బ్రేకు డ్రమ్ముల్లోకి మాత్రం స్ప్రే పోకుండా చూసుకోండి.

ఈలోగా ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. బోల్టు తల లోపలికి ఉందా బయటికా, షాకిల్ ఎటు వాలి ఉంది, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఎక్కడి నుంచి పోతోంది, కట్టకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు బిళ్ల ఉంటే దాని మందం కొన ముందుకా వెనక్కా, అన్నీ.

కొత్త కట్టను పాతదాని కింద నేల మీద పెట్టి పోల్చండి. సెంటర్ బోల్టు నుంచి ముందు కంటికీ, వెనక కంటికీ దూరం కొలవండి. చాలా కార్లలో ఈ రెండూ సమానంగా ఉండవు, ముందు సగం పొట్టిగా ఉంటుంది. కొత్త కట్ట మీద "ముందు" అని సుద్దతో రాయండి. నేనొకసారి ఇది రాయక కట్టను తిప్పి బిగించాను. అంతా అయ్యాక చక్రం మడ్‌గార్డుకి ఆనుకుని కనబడింది, సగం రోజు పోయింది.

ఇక పని

1. కారును సమంగా ఉన్న గట్టి నేల మీద పెట్టండి. ముందు చక్రాలకు ముందూ వెనకా చెక్కలు కొట్టండి. ఇది అశ్రద్ధ చేసే పని కాదు. వెనక చక్రాలు గాల్లోకి లేచాక హ్యాండ్‌బ్రేకు గానీ గేరు గానీ కారును పట్టుకోలేవు, అవి రెండూ పనిచేసేది వెనక చక్రాల మీదే. కారు ఇంకా నేల మీద ఉండగానే వెనక చక్రాల నట్లు పావు చుట్టు వదులు చేయండి.

2. యాక్సిల్ మధ్య హౌసింగ్ కింద జాకీ పెట్టి లేపండి. అక్కడ జాకీ పెట్టొద్దని మీ మాన్యువల్ చెప్తే అది చెప్పిన చోటే పెట్టండి. బాడీ స్టాండ్లను కట్ట ముందు కన్ను బిగించిన చోటికి కొంచెం ముందు, ఛాసిస్ రైలు కింద గానీ గట్టి బాక్స్ భాగం కింద గానీ పెట్టండి. విడిగా ఛాసిస్ లేని కారైతే ఆ చోటుని ముందే స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. స్క్రూడ్రైవర్ లోపలికి దిగితే ఆ చోటు కారును మోయదు, అక్కడితో ఆపేసి ముందు బాడీ పని చూసుకోండి.

3. బాడీని స్టాండ్ల మీదకి దించండి. యాక్సిల్ కింద జాకీ తగిలీ తగలనట్టు ఉండనివ్వండి. ఇప్పుడు కారును పక్కనుంచి గట్టిగా ఊపండి. కదిలితే మీరు బయట ఉండగానే కదలాలి. చక్రాలు విప్పి బాడీ అంచు కింద పడుకోబెట్టండి, స్టాండు జారినా మనిషి పట్టేంత సందు మిగులుతుంది.

4. షాక్ అబ్జార్బర్ కింది కొన విప్పండి. కట్టకు తగిలించిన బ్రాకెట్లు, కేబుల్ క్లిప్పులు ఉంటే అవీ తీయండి. ఇప్పుడు జాకీని మెల్లగా దించుతూ బ్రేక్ హోస్‌ని చూస్తూ ఉండండి. షాక్ విప్పాక యాక్సిల్ మామూలుకన్నా ఎక్కువ కిందికి వేలాడగలదు, దాని బరువు హోస్ మీద పడిందంటే లోపల చిరిగినా పైకి కనబడదు. హోస్ బిగుసుకుంటోందనిపిస్తే అక్కడే ఆపండి. సైలెన్సర్ పైపు యాక్సిల్‌కి అడ్డం పడుతుందేమో కూడా చూడండి.

5. కట్ట మీద బరువు పోయిందని తెలుసుకోవడం ఎలా? కట్ట పూర్తి వంపు తిరిగి ఉంటుంది, యాక్సిల్‌ని ఇంకాస్త దించితే కట్ట ఆకారం మారదు. అప్పుడు యాక్సిల్ గొట్టాల కింద రెండు పక్కలా స్టాండ్లు పెట్టేయండి. ఒక్క జాకీ మీద యాక్సిల్‌ని వదిలేస్తే త్రాసులా ఊగుతుంది.

6. ఒకసారి ఒక పక్కే విప్పండి. రెండో పక్క కట్ట యాక్సిల్‌ని దాని చోట పట్టి ఉంచుతుంది. ఏదైనా ఎలా ఉండేదో మర్చిపోతే చూసుకోవడానికి నమూనా కూడా పక్కనే ఉంటుంది.

7. యూ బోల్టు నట్లు విప్పండి. రాకపోతే మొహమాటం లేకుండా కోసేయండి, ఎలాగూ కొత్తవి తెచ్చారు. కానీ ఆగండి. పెట్రోల్ ట్యాంకు చాలా కార్లలో వెనక షాకిల్‌కి జానెడు దూరంలోనే ఉంటుంది. గ్రైండర్ నిప్పురవ్వలు అటే పోతాయి. ట్యాంకు పక్కన గ్రైండర్ గానీ గ్యాస్ మంట గానీ వద్దు. అక్కడ హ్యాక్సా బ్లేడ్‌తో కోయండి, లేదా ట్యాంకు దించి దూరంగా పెట్టి అప్పుడు కోయండి. దూరంగా ఉన్న బోల్టుకి గ్రైండర్ వాడినా తడి గోనెసంచి అడ్డం పెట్టి, మంటలార్పే సిలిండర్ చేతికి అందేలా ఉంచుకోండి.

8. కట్ట యాక్సిల్‌కి కింద ఉండే కార్లలో, యూ బోల్టులు పోయాక యాక్సిల్‌ని జాకీతో ఒక అంగుళం లేపితే సెంటర్ బోల్టు తల రంధ్రంలోంచి బయటికొస్తుంది. కట్ట కింద చిన్న జాకీ పెట్టుకోండి. కట్ట చూడ్డానికి సన్నంగా ఉంటుంది గానీ ఛాతీ మీద పడితే ఊపిరాడదు.

9. వెనక షాకిల్ ముందు విప్పండి. నట్లు తీసి, బయటి పలక లాగి, లోపలి పలకను పిన్నులతో సహా కడ్డీతో తట్టండి. వెనక కొనను జాకీతో దించండి.

10. ఇక ముందు కన్ను బోల్టు. మొత్తం పనిలో మిమ్మల్ని ఏడిపించేది ఏదైనా ఉంటే ఇదే. నట్టు సులువుగానే వస్తుంది, బోల్టు రాదు. బుష్ మధ్యలో ఉండే ఇనప గొట్టానికి బోల్టు తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. ముందే సుత్తి ఎత్తకండి. బోల్టు తలకు పానా పెట్టి తిప్పి చూడండి. తల తిరుగుతూ ఉండి, దాంతో పాటు కట్ట కన్ను కూడా కదులుతుంటే బోల్టు గొట్టానికి పట్టేసిందని అర్థం. ఆయిల్ కొట్టి అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. నట్టును బోల్టు మరలున్న కొన మీద కాస్త ఎక్కించి దాని మీద కొట్టండి, నేరుగా మరల మీద కొడితే అవి పుట్టగొడుగులా పరుచుకుని బోల్టు అసలు రాదు.

పావుగంట ప్రయత్నించినా రాకపోతే కోయడమే. కంటికీ బ్రాకెట్‌కీ మధ్య సందులో బ్లేడ్ దూర్చి బోల్టును రెండు వైపులా కోయండి, కట్ట దానంతటదే దిగుతుంది. బ్రాకెట్‌కి గాటు పడకుండా బ్లేడ్‌ని కట్ట వైపు ఆనించి కోయాలి. ఓపిక లేక బ్రాకెట్‌ని వంచేసిన పని బాగుచేయడం కట్ట మార్చడం కంటే పెద్ద పని. కొన్ని కార్లలో నట్టు బాడీ పెట్టె లోపల వెల్డ్ చేసి ఉంటుంది. అక్కడ మరీ బలం పెడితే ఆ వెల్డింగ్ ఊడి నట్టు లోపలే గిరగిరా తిరుగుతుంది. అలాంటిచోట నానబెట్టడానికి ఇంకో రోజు ఇవ్వండి.

11. కట్ట బయటికొచ్చాక ఆ చోటంతా బ్రష్ చేసి చూడండి. ముందు బ్రాకెట్ రంధ్రం గుడ్డులా సాగిందా, షాకిల్ తగిలే చోట బాడీ తుప్పు తిందా, యాక్సిల్ దిమ్మ రంధ్రం గుండ్రంగానే ఉందా, బంప్ స్టాప్ (యాక్సిల్ బాడీకి కొట్టుకోకుండా ఆపే దిమ్మ) రబ్బరు మిగిలిందా, బ్రేక్ హోస్ పగుళ్లిచ్చిందా. ఇంత వీలుగా మళ్లీ కనబడవు. రంధ్రం సాగి ఉంటే కొత్త బోల్టు వేసినా టక్ టక్ పోదు, ముందు దాన్ని సరిచేయించాలి. తుప్పు తీసిన చోట ప్రైమర్ కొట్టి ఆరనివ్వండి.

పాత కట్టను విడదీసి పట్టీలు చూడాలని కొందరికి సరదా. సెంటర్ బోల్టు నట్టు ఊరికే విప్పితే పట్టీలు చప్పున విచ్చుకుంటాయి. రెండు సీ క్లాంపులు బిగించి, ఆ తర్వాత నట్టు తీసి, క్లాంపుల్ని మెల్లగా వదులు చేయండి.

బిగించడం

12. బుష్‌లు కంట్లోకి వైస్‌తో నొక్కండి. ఒక పక్క బుష్ బయటి గొట్టానికి సరిపడే సాకెట్, రెండో పక్క కంటి కన్నా పెద్ద సాకెట్ పెట్టి వైస్ బిగిస్తే నేరుగా దూరుతుంది. రబ్బరుకి సబ్బు నీళ్లు గానీ సిలికాన్ గ్రీజు గానీ రాయండి. మామూలు గ్రీజు, ఇంజన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పాలీయురేథేన్ బుష్‌లైతే వాటితో వచ్చిన గ్రీజే వాడండి.

13. ముందు కన్ను బ్రాకెట్‌లోకి ఎక్కించి బోల్టు దూర్చండి. బోల్టు నున్నటి భాగానికి పట్టేయకుండా ఉండే పేస్టు రాయండి, పదేళ్ల తర్వాత విప్పేది మీరే కావచ్చు. మరల మీద మాత్రం రాయొద్దు. పొడి మరలకు చెప్పిన టార్క్‌తో జిడ్డు మరల్ని బిగిస్తే బోల్టు మీద లాగుడు ఎక్కువవుతుంది. తల పాతది ఎటుందో అటే ఉండాలి. నట్టు చేత్తో తిప్పి వదిలేయండి. పానా పెట్టకండి.

14. వెనక కొన లేపి షాకిల్ వేయండి. దాని నట్లు కూడా చేత్తోనే. మళ్లీ చెప్తున్నా, పానా పెట్టకండి.

15. కట్ట మీద ప్యాడ్, ఏటవాలు బిళ్ల ఉంటే అది ఫొటోలో ఉన్నట్టే పెట్టి, యాక్సిల్‌ని మెల్లగా దించండి. సెంటర్ బోల్టు తల రంధ్రంలోకి దిగాలి. యాక్సిల్ ముందుకో వెనక్కో జరిగి ఉంటే బెల్టు క్లాంపుతో లాగండి. రంధ్రం ఎక్కడుందో వేలితో తడమొద్దు, టార్చి వేసి చూడండి. తల సగం మాత్రమే ఎక్కి పైకి చక్కగా కూర్చున్నట్టు కనబడడం మామూలే. దిమ్మకీ కట్టకీ మధ్య చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

16. యూ బోల్టులు, వాటి కొనలు దూరే కింది పలక వేసి నాలుగు నట్లూ మూలకి మూల మార్చి మార్చి, కొంచెం కొంచెంగా బిగించండి. నాలుగు బోల్టులకీ నట్టు కింద బయటికొచ్చిన మరలు సమానంగా ఉండాలి. ఒకదానికి అర అంగుళం, ఇంకోదానికి రెండు మరలు కనబడుతుంటే పలక వంకరగా ఉంది, వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి. యూ బోల్టుల్ని ఈ దశలోనే టార్క్ రెంచ్‌తో బిగించవచ్చు, వీటికీ బుష్‌లకీ సంబంధం లేదు.

17. రెండో పక్క కూడా 7 నుంచి 16 దాకా ఇలాగే. తర్వాత షాక్‌లు, క్లిప్పులు, చక్రాలు వేసి కారును దించండి. దించుతున్నప్పుడు షాకిల్‌ని చూడండి. కొత్త కట్టకు వంపు ఎక్కువ కాబట్టి ఒక్కోసారి షాకిల్ ముందుకి తిరగబడి ఇరుక్కుంటుంది. బాడీకి వేలాడే మామూలు షాకిల్ అయితే కారు బరువు పడ్డాక నిటారుగా గానీ, కింది కొన కాస్త వెనక్కి వాలి గానీ ఉండాలి. ముందుకి వాలితే మళ్లీ లేపి, కడ్డీతో వెనక్కి తోసి, అప్పుడు దించండి.

18. అసలు సంగతి ఇక్కడుంది. వెనక భాగాన్ని చేతులతో నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదలండి. కారును మీటరు ముందుకీ వెనక్కీ తోయండి, మళ్లీ చెక్కలు పెట్టండి. కట్టలు తమ ఎత్తుకి వచ్చాయి. ఇప్పుడు, బరువంతా కట్టల మీద ఉండగా, ముందు కన్ను బోల్టు, షాకిల్ నట్లు మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించండి.

ఎందుకంటే, రబ్బరు బుష్ జారి తిరగదు. లోపలి గొట్టం బోల్టుతో బ్రాకెట్‌కి బిగుసుకుంటుంది, రబ్బరు మెలిపడుతూ కదలిక ఇస్తుంది. కట్ట వేలాడుతున్నప్పుడే బిగిస్తే ఆ వంపే రబ్బరుకి సున్నా అవుతుంది. కారును దించగానే రబ్బరు మెలి తిరిగి, నిలబడ్డంతసేపూ మెలిపడే ఉంటుంది. గుంటలో పడ్డప్పుడు ఇంకా మెలిపడి చిరుగుతుంది. మూడు నెలల్లో పోయిన బుష్‌ల కథ ఇదే. ఆ మెలి కట్టను కాస్త పైకి కూడా ఎత్తి పడుతుంది, కారు ఎత్తుగా నిలబడిందనే ఫిర్యాదు సగం అక్కణ్ణుంచే. పాలీ బుష్‌లలో ఈ బాధ తక్కువ, బుష్ గొట్టం చుట్టూ తిరగగలదు. అయినా ఇదే వరసలో బిగించడంలో నష్టం లేదు.

కారు కిందికి దూరే సందు లేకపోతే యాక్సిల్ గొట్టాల కింద, కట్టలకి దగ్గరగా స్టాండ్లు పెట్టి కారును వాటి మీద నిలపండి. బరువు చక్రాల మీదున్నా యాక్సిల్ మీదున్నా కట్టకు ఒకటే. బాడీ స్టాండ్లు మాత్రం బరువు మోయకూడదు.

సరిగ్గా వచ్చిందా?

మొదట కాగితం తీయండి. అవే నాలుగు చోట్ల కొలవండి. వెనక రెండు పక్కల మధ్య 10 మి.మీ. లోపు తేడా ఉంటే నేను పట్టించుకోను, పాత బాడీలకు అంత తేడా పుట్టుకతోనే ఉంటుంది. పాతదానికన్నా ఎత్తుగా ఉండడం సహజం, కొత్త కట్టలు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త కూర్చుంటాయి. అప్పటిదాకా పట్టీ తీసేయాలనో, కట్టకీ యాక్సిల్‌కీ మధ్య ఎత్తు తగ్గించే బ్లాకులు వేయాలనో తొందర పడకండి.

రెండోది, ముందు కన్ను బోల్టు మధ్య నుంచి యాక్సిల్ గొట్టం దాకా రెండు పక్కలా కొలత. 3 మి.మీ. కన్నా తేడా ఉంటే ఒక పక్క సెంటర్ బోల్టు రంధ్రంలో కూర్చోలేదు, లేదా కట్ట తిరగబడింది. ఇలాగే నడిపితే కారు రోడ్డు మీద కుక్క నడకలా ఏటవాలుగా పోతుంది.

మూడోది, చక్రాల నట్లు నేల మీద టార్క్ రెంచ్‌తో. హ్యాండ్‌బ్రేకు లాగి చూడండి, కేబుల్ కట్టకీ పలకకీ మధ్య నలిగి ఉండవచ్చు. బ్రేక్ హోస్ ఎక్కడా రాసుకోకూడదు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద మెల్లగా. ఏ చప్పుడు దేనిదో గుర్తుపట్టడానికి:

- బయల్దేరేటప్పుడు, బ్రేకు వేసినప్పుడు ఒక్క "టక్": యూ బోల్టు వదులు, లేదా ముందు కన్ను బోల్టు బిగించడం మర్చిపోయారు. వెంటనే ఆపి చూడండి.
- గుంటల్లో "కిర్రు కిర్రు": బుష్ గానీ పట్టీల రాపిడి గానీ. ఒక్కో బుష్ మీద సబ్బు నీళ్లు కొట్టి కారును ఊపండి, ఏది కొట్టినప్పుడు చప్పుడు ఆగితే అదే.
- వేగం పెరిగేకొద్దీ కింద వణుకు: ఏటవాలు బిళ్ల తిరగబడి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే కడ్డీ) కోణం మారింది. ఫొటో చూడండి.
- గుంటల్లో దభీమని మోత: షాక్ కింది నట్టు, లేదంటే బంప్ స్టాప్ లేదు.

వంద కిలోమీటర్లు నడిపాక యూ బోల్టులు మళ్లీ టార్క్ చేయండి. పెయింటు, ప్యాడ్‌లు నలిగి కాస్త వదులవుతాయి. ఐదు వందలకు ఇంకోసారి, అప్పుడే ఎత్తులు కూడా కొలవండి. నట్టు మీద, పలక మీద కలిసేలా పెయింటుతో ఒక గీత గీస్తే తర్వాత పానా పెట్టకుండానే, గీత తెగిందో లేదో చూసి చెప్పేయవచ్చు.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. వెనక భాగం లేచింది కాబట్టి హెడ్‌లైట్లు ముందుకన్నా దగ్గర్లో నేల మీద పడుతుంటాయి. కట్టలు కూర్చున్నాక, ఐదు వందల కిలోమీటర్ల చెక్ అయిన రోజు రాత్రి, కారును గోడకి ఎదురుగా నిలిపి వాటినీ సరిచేసుకోండి.